బేస్ పాడిన తండ్రి

మబేలా నుంచి రువి వెళ్ళే బస్సులో ఫోన్ మాట్లాడుతున్నాను. ఈ పరాయి దేశంలో మా తెలుగు ప్రార్థన కూటంలో నలుగురం కలిసి పాడేవాళ్ళం. అందరికంటే కింది స్వరం, బేస్, మా అన్నయ్యది. ఆయన పోయి ఆరు నెలలైంది. ఈ శుక్రవారం కూడా పాడలేమని పాస్టరుగారికి చెప్పి ఫోన్ పెట్టేశాను.

పక్క సీట్లో నర్సు యూనిఫాంలో ఉన్న పెద్దావిడ నా మాటలు విన్నట్టుంది, తన ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నాకిచ్చింది.

"వినండి బాబూ. డ్యూటీకెళ్ళేటప్పుడు రోజూ వింటాను."

పాత అమెరికా జాజ్ పాట. నాలుగు గొంతులు ఒక్కటిగా సాగుతున్నాయి. మధ్యలో ట్రంపెట్ మోగింది.

"ట్రంపెట్ భలే వాయించాడండీ."

"ట్రంపెట్ కాదు బాబూ, నోటితోనే! గిటార్ తప్ప ఇంకేం లేదు. మొదట్లో నలుగురూ అన్నదమ్ములే. వీళ్ళని విని ఎంతోమంది ఇలా కలిసి పాడ్డం నేర్చుకున్నారంట. మంచి పేరొచ్చాక పెద్దోడు పోయాడు. బేస్ అతనిదే."

"మరి మానేశారా?"

"లేదు. వాళ్ళ నాన్నొచ్చి కొడుకు చోట నిలబడ్డాడు. మీరిప్పుడు వింటున్న బేస్ ఆయనదే."

పాట అయ్యేదాకా ఆ తండ్రి గొంతొక్కటే విన్నాను. ఘుబ్రా స్టాపులో ఆవిడ దిగిపోయింది. పేరైనా అడగలేదు.

ఆ శుక్రవారం ముగ్గురమే పాడాం. నా స్వరం వదిలి బేస్ నేను అందుకున్నాను. మొదటి చరణంలో గొంతు వణికింది, తర్వాత నిలబడింది.

ప్రార్థన అయ్యాక మా వదిన దగ్గరికొచ్చింది. అన్నయ్య పోయాక ఆవిడ పాట జోలికే పోలేదు.

"నువ్వు కిందికి దిగావు కదా, నీ చోటు ఖాళీ అయింది. అక్కడ నేను పాడనా?" అంది.