పెద్దమ్మ పాటలూ, నా సొంత ఫార్మాటూ

ఆ రోజుల్లో నాకు ఇంజనీరింగ్ పట్టా ఉంది, ఉద్యోగం లేదు, పొగరుకు మాత్రం లోటు లేదు. తెలుగులో రాసుకోవడానికి ఒక అప్లికేషన్ చేసి తీరాలని పంతం పట్టాను. అక్షరాలు తెరమీద పడటం వరకు బాగానే కుదిరింది. రాసినదాన్ని ఏ రూపంలో దాచాలన్న దగ్గర, ఎక్కడైనా తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైలు నాకు నామోషీ అనిపించింది. నా అప్లికేషన్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోని సొంత ఫార్మాటు కనిపెట్టాను (ఎవరు దొంగిలిస్తారనుకున్నానో దేవుడికే తెలియాలి).

మొదటి బలి సాలూరులో ఉండే మా పెద్దమ్మ. చర్చి కోసం తను కట్టిన పాటల పుస్తకానికి చెదలు పట్టింది. వేసవంతా ఇద్దరం కూర్చుని అరవై పాటలనూ ఒకే ఫైల్లోకి ఎక్కించాం. "ఇంక ఈ చెదల పుస్తకమెందుకు?" అని నేనే దాన్ని నీళ్ల పొయ్యిలో పెట్టాను. ఆ వారమే ఫైలు సేవ్ అవుతుండగా కరెంటు పోయింది. తిరిగొచ్చాక చూస్తే ఫైలు తెరుచుకోలేదు.

"ఒరే, సెదలు ఒక పేజీ తింటే పక్క పేజీ ఉంచినాది. నీ కంప్యూటరు పెట్టి అన్నీ ఒక్కపాలే మింగీసినాదేటిరా?" అంది పెద్దమ్మ. నాలుగు తిట్టినా బాగుండేది.

ఒక్క పాట కూడా పోనివ్వనని ఒట్టేశాను (ఒట్లు వెయ్యకూడదని దానికి మాత్రం తిట్టింది). మూడు ఆదివారాలు ఆరాధన అయ్యాక చర్చి గుమ్మంలో కూర్చుని, ఆడవాళ్లు గుర్తు తెచ్చుకుని పాడుతుంటే రాసుకున్నాను.

"ఆ సరణం అలాగ కాదే, నా పెళ్లిలో పాడినారు!"

"నీ పెళ్లిలో నువ్వు తలొంచుకుని కూకున్నావు, నీకేటి తెలుసు?"

అలా యాభైతొమ్మిది దొరికాయి. అరవయ్యోది ఎవరికీ రాదు. "అది మీ పెదనాన్న సమాదికాడ ఒక్కపాలే పాడినాను. నాకూ గేపకం నేదు," అంది పెద్దమ్మ. మళ్లీ తనే, "ఈపాలి నువ్వున్నా నేకపోయినా తెరుసుకునేలాగ పెట్టు," అంది. ఏ పాటకా పాట, మామూలు టెక్స్ట్‌లోనే దాచాను.

ఇప్పుడు ఆ అప్లికేషన్ నా దగ్గర కూడా నడవదు. పాటలు మాత్రం పెద్దమ్మ ఫోన్లో చక్కగా తెరుచుకుంటాయి. ఆ పొగరుబోతును తలుచుకుంటే నవ్వొస్తుంది, రెండు తగిలించాలనీ ఉంటుంది. పాడైన ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. ఏటా సెలవుల్లో వదలకుండా దాంతో కుస్తీ పడతాను.

"ఇంకా ఒగ్గవేటిరా?" అంటుంది పెద్దమ్మ.

ఒగ్గను.