చెస్ట్‌నట్ వీధిలో పోసిన మట్టి

క్వాకో బండి చక్రాలకి ఇనప పట్టీలుండేవి. రాళ్లు పరిచిన చెస్ట్‌నట్ వీధిలోకి అది మలుపు తిరిగిందంటే, బోటి పులుసు అమ్ముకునే నా కేక నాకే వినిపించేది కాదు. ఇంగ్లండు రాజు మీద యుద్ధంలో ఆ బండితోనే ఇక్కడి దొరల సైన్యానికి మందుగుండు మోశాడు. పేరు అతని యజమానికొచ్చింది. ఆ ముసలాయన చచ్చేముందు క్వాకోకి బానిసత్వం నుంచి విడుదల రాసిచ్చాడు, క్వాకో కూతురు లెటిస్‌ని మాత్రం అంతకుముందే దక్షిణాన కరోలినాకి అమ్మేశాడు. ఫిలడెల్ఫియాలో ఇప్పటికీ ఆయన్ని ధర్మాత్ముడంటారు. నా ముందు అనరు.

యుద్ధం గెలిచిన నాలుగేళ్లకి, ఎండాకాలంలో, రాష్ట్రాల నుంచి వచ్చిన దొరలంతా ఆ వీధిలోని సభాభవనంలో కిటికీలు బిగించుకుని కూర్చున్నారు. చక్రాల మోత వాళ్ల చెవిన పడకూడదని వీధి రాళ్ల మీద మందంగా మట్టి పోయించారు. ఆ పని క్వాకోకి దొరికింది.

"లోపల ఏం చేస్తున్నారయ్యా?" అని మేస్త్రీని అడిగాడు.

"దేశానికి రాజ్యాంగం రాస్తున్నారు."

"చప్పుడైతే చెడిపోద్దా?"

"నీకెందుకురా, మట్టి పొయ్యి."

నా కేకలు కూడా ఆపించారు. పులుసు మూగదానిలా అమ్ముకోవాలట.

ఒకరోజు మట్టి సర్దుతూ క్వాకో పార వదిలేశాడు. నా కుండ వైపు వస్తున్న పిల్లది అచ్చం చచ్చిపోయిన అతని భార్య నడక. సభకొచ్చిన కరోలినా దొర ఒకడు తన పెళ్లాం సేవకని లెటిస్‌ని వెంట తెచ్చాడు.

"సభ అయిపోగానే నన్ను మళ్లీ తీసుకుపోతారు నాన్నా," అంది.

"పోనిస్తానా?"

"అప్పుడు మాత్రం ఆపావా?"

క్వాకో వంగి పార తీసుకున్నాడు. నాకు ఆ పిల్లని ఒకటి వెయ్యాలనిపించింది, కానీ అన్నది నిజం.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం లెటిస్ దొరగారి ఉతికిన రుమాలు సభాభవనం కాపలావాడికిచ్చి, పక్కసందులో ఖాళీ బండిలో పడుకుంది. క్వాకో గోనెలు కప్పి పైన నాలుగు పారల మట్టి చల్లాడు. నేను కాపలావాడికి పులుసు పోసిచ్చాను.

"ఉప్పెక్కువైందే," అన్నాడు.

"నీ నోరు బాగోలేకపోతే నా కుండ మీద పడతావేం?" అని తగువు పెట్టుకున్నాను.

బండి అతని వీపు వెనకే పరుపు మీద నడిచినట్టు పోయింది. ఒట్టి రాళ్లయితే తల తిప్పి చూసేవాడే. రేవులో మాకు తెలిసిన ఓడ మనిషి లెటిస్‌ని మసాచుసెట్స్ చేర్చాడు. అక్కడ బానిసత్వం చెల్లదని కోర్టే చెప్పేసింది.

"దొరలే దారి వేసిపెట్టారక్కా," అంటూ క్వాకో కొన్నాళ్లు ఒకటే నవ్వు.

సెప్టెంబరులో సభ ముగిసింది, రాజ్యాంగం అచ్చయింది. మాలో చదువొచ్చిన కమ్మరి కొలిమి దగ్గర అందరికీ చదివాడు. అందులో బానిస అన్న మాటే లేదు. ఇంత దొంగ పెద్దమనుషుల్ని నేనెక్కడా చూడలేదు. ఒకచోట పనికి కట్టుబడినవాళ్లు వేరే రాష్ట్రానికి పారిపోతే, అడిగినవాళ్లకి అప్పగించాలని మాత్రం ఉంది.

"మసాచుసెట్స్‌లో ఉన్నా?" అన్నాడు క్వాకో.

"ఎక్కడున్నా. రాష్ట్రాలు ఒప్పుకున్నాయంటే ఇంక అంతే," అన్నాడు కమ్మరి.

"ఇది ఎప్పుడు రాశారంట?"

"ఎండాకాలమంతా కూర్చుని చేసిన పనేగా."

క్వాకో నా వైపు చూశాడు. "హాయిగా రాసుకోమని మట్టి పోసింది నేనేగా అక్కా."

నేను దొరల్ని తిట్టాను. ఇప్పటికీ తిడుతూనే ఉన్నాను.

మట్టి ఎత్తేయమని మేస్త్రీ కబురు పెడితే క్వాకో వెళ్లలేదు. బండి అమ్మేసి ఓడ దగ్గరికి పోతుంటే రేవులో పట్టుకున్నాను.

"ఎక్కడికిరా?"

"లెటిస్‌ని తీసుకుని నోవా స్కోషియా పోతా. అది రాజుగారి నేల, ఈ కాగితం అక్కడ చెల్లదు."

"మందుగుండు మోసింది ఆ రాజు మీదికేగా?"

"ఆయన మీదికే," అన్నాడు క్వాకో, మూట భుజానికెత్తుకుంటూ. "ఇప్పుడు నా కూతుర్ని కాపాడమని ఆయన గుమ్మంలోకే పోతున్నా."