పెదనాయన వదిలిన మూడు ముక్కలు

మొన్న పీలమేడు బస్సులో నా పక్కన కూర్చున్న యువకుడు ఫోనులో పేకాడుతున్నాడు. ప్రతి ముక్కకూ గెలుపు అవకాశం ఇంత శాతమని తెర మీద అంకె వెలుగుతుంటే, లోకమంతా మూఢులే అన్నట్టు పెదవి విరిచాడు. ఆ విరుపు చూసి నాకు ఒళ్ళు మండింది. ఒకప్పుడు అది నా మూతి మీదే ఉండేది.

కాలేజీ లెక్కల్లో సంయోగాలు నేర్చుకున్న ఏడాది అది. నాలుగు సూత్రాలు వంటబట్టేసరికి, చేతి అలవాటుతో ఆడే మా పెద్దలంతా నాకు పామరులైపోయారు. కారమడై దగ్గర మా తోటలో బావినీటి వంతు మీద తగవొచ్చి నాయనకూ, ఆయన అన్న పెదనాయనకూ ఏళ్ళ తరబడి మాటల్లేవు. అయినా ఏటా గుడి తేరు లాగే నాడు భోజనాలయ్యాక ఇద్దరూ తిన్నె మీద రమ్మీకి కూర్చునేవారు. మూడో చెయ్యి నాది. ఎదురెదురుగా కూర్చుని కూడా, "మీ నాయనకి చెప్పు, ముక్క ఎత్తమని" అనేవాడు పెదనాయన.

ఆ ఏడు పెదనాయన వరసగా వేసిన మూడు ముక్కలూ నాయనకు కావలసినవే. నాయన ఆట చూపించి, అన్న ముఖంలోకి నేరుగా చూశాడు.

"ఏమన్నా, నీకి కన్ను తెలియలేదా?"

కళ్ళు కనపడలేదా అని వేళాకోళం, అన్నేళ్ళకు మొదటి మాట. పెదనాయన జవాబుకు నోరు తెరిచాడు. నేను ఆగలేదు.

"కన్నుకేమి నాయనా! పద్నాలుగు ముక్కల్లో మూడు తీసేదానికి మున్నూట అరవైనాలుగు దారులు. నీకి కావలసిన మూడే పడేది ఒక్క దారి. పెదనాయన పావం చూసి ముక్కలు విడస్తా ఉండాడు."

జాలి అనేసరికి నాయన ముఖం మాడిపోయింది. "నాకి పావం చూసేదానికి ఈయన ఎవరు?" అని ముక్కలు విసిరి లేచాడు.

"ఏండా, ఇదా నీ చదువు?" అన్నాడు పెదనాయన నాతో, మెల్లగా.

నిజానికి ఆ లెక్కా తప్పే. ఎత్తిన కొద్దీ, వేసిన కొద్దీ చేతిలోని ముక్కలు మారుతుంటాయి, వేసేవాడు కళ్ళు మూసుకుని వేయడు. అరకొర చదువుతో అన్నదమ్ముల మధ్య దూరిన మూర్ఖుణ్ణి. మరుసటి తేరుకు తిన్నె మీద జంపఖానా పరిచారు. పెదనాయన ఒక్కడే చాలాసేపు ముక్కలు కలుపుతూ కూర్చున్నాడు. నాయన నోట "అన్నా" అన్న పిలుపు మళ్ళీ వినలేదు. ఇప్పుడు పిలవడానికీ, పలకడానికీ ఇద్దరూ లేరు.

బస్సు దిగే ముందు ఆ యువకుడి ఫోనులోకి మరోసారి చూశాను. అవతల ఆడేది ఎవరో అతనికి తెలియదు. అలాంటి ఆటలో ఎవరి కోసమూ ఎవరూ ముక్క వదలరు. లెక్కకు దొరికిపోయే ప్రేమ అక్కడ లేదు.