సుద్దగీత బోరులో పడ్డ మోటరు

యాకూబ్ సారుకు డిగ్రీ లేదు. తిరుమలగిరి చుట్టుపక్కల పదిహేనేళ్లు బోర్లలోంచి మోటర్లు తీసిన చేతులు మాత్రం ఉన్నాయి. ఆ చేతుల్ని చూసే నల్లగొండలో ఒక పాలిటెక్నిక్ వాళ్లు ఆయన్ని వర్క్‌షాపులో పెట్టుకున్నారు, అదీ టెంపరరీగా.

చేరిన వారానికే ఆయనకు ఒక సంగతి తెలిసిపోయింది. పిల్లలు పరీక్షల్లో పులులే. నలుగుర్ని కలిపి ఒక బల్ల జరపమంటే మాత్రం ఎవరికి వారే యమునా తీరే. ఒకడు ముందుకు తోస్తాడు, ఇంకొకడు వెనక్కి లాగుతాడు, మూడోవాడు పక్కన నిలబడి సలహా చెబుతాడు. వీళ్లు రేపు ఇంజనీర్లయి డ్యాములు కడతారట!

అందుకని శనివారం శనివారం ఒక క్లాసు మొదలుపెట్టాడు. అందులో సగం నిజం, సగం ఉత్తది. షెడ్డు దూలానికి కట్టిన చైను పుల్లీ నిజం, నాలుగడుగుల పైపు ముక్క నిజం, రెండు క్లాంపులు నిజం. నేల మీద సుద్దముక్కతో గీసిన గుండ్రమేమో రెండు వందల అడుగుల బోరు. అందులో కాలిపోయిన మోటరు, పక్కన ఎండుతున్న వరి, ఇవన్నీ ఎవరికి వారు ఊహించుకోవాల్సిందే.

ఒకరు చైను లాగితే పైపు లేస్తుంది. అప్పుడు ఇంకొకరు కింది క్లాంపు బిగించాలి. అది బిగిసిందని తేలాకే మరొకరు చైనుకు తగిలించిన పై క్లాంపు విప్పాలి. తొందరపడి ముందే విప్పితే పైపులతో సహా మోటరు బోరు పాలు. అందుకే మాట్లాడే హక్కు పని నడిపించే మేస్త్రిదే, మిగతా వాళ్ల నోళ్లకు తాళం.

"ఇద్దరు ఒక్కసారే కేకేసినందుకు మా జట్టుల గాలయ్యకు రెండు వేళ్లు పోయినయి బిడ్డా" అని ప్రతి క్లాసులోనూ చెప్పేవాడు. 

తొంభై నాలుగులో ప్రిన్సిపాలు ఆయన్ని పిలిపించాడు. "లేని మోటరు లేపుడేంది యాకూబ్ సాబ్? రేపు హైదరాబాదు నుంచి పెద్దసారు తనిఖీకొస్తుండు. ఆయన గిట్ల నవ్విండంటే నీ క్లాసు ఉండది, నీ నౌకరీ ఉండది."

మర్నాడు ఆ పెద్దసారు షెడ్డులోకి వచ్చీ రాగానే తిన్నగా సుద్దగీతలో కాలు పెట్టాడు.

"సారూ, బోరు!" అని క్లాసులోని మంజులత కేకేసి ఆయన చొక్కా చెయ్యి పట్టి లాగింది. ఆమె పక్కనున్న ఐలేశం ఏకంగా నడుమే పట్టుకున్నాడు. పెద్దసారు బిత్తరపోయి కిందికి చూశాడు. సిమెంటు నేల. సంగతి తెలిశాక పడీ పడీ నవ్వాడు. యాకూబ్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి.

"అయితే నన్నూ చేర్చుకోండి" అంటూ పెద్దసారు వేళాకోళంగా కింది క్లాంపు దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు మేస్త్రి మంజులత. పై క్లాంపు ఐలేశానిది. జంగయ్య రైతు వేషం కట్టి, తలకు తువ్వాల చుట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

మంజులత "లాగు" అంది. పైపు లేచింది. కింది క్లాంపు ఇంకా సగమే బిగిసింది. ముప్పై ఏళ్లుగా ఆర్డర్లు వేసిన నోరు ఊరుకుంటుందా? "ఊఁ, విప్పవయ్యా!" అన్నాడు పెద్దసారు. ఐలేశం హడలిపోయి విప్పేశాడు. పైపు ఠంగుమని నేల మీద పడింది.

"పోరగాండ్ల తప్పు సార్, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు ప్రిన్సిపాలు. ఐలేశం తల దించుకున్నాడు. పిల్లలంతా యాకూబ్ వైపు చూశారు. మోటరు ఎవరి వల్ల పడితే వాళ్లే రైతుకు చెప్పాలి, అది ఆ క్లాసు కట్టుబాటు.

 యాకూబ్ ఊరుకుంటే నౌకరీ దక్కుతుంది. ఊరుకుంటే ఐలేశం జన్మలో మళ్లీ తనను నమ్మడు.

"మేస్త్రి చెప్పకముందే మీరు చెప్పిండ్రు సార్" అన్నాడు. "రైతుకు మీరే చెప్పాలె."

పెద్దసారు మొహం కందగడ్డయింది. అయినా లేచి జంగయ్య దగ్గరికి నడిచాడు. "బాబూ, మీ మోటరు బోరులో పడిపోయింది."

జంగయ్య వేషం మరిచిపోయాడు. పోయిన ఎండాకాలం వాళ్ల పొలం బోరులో మోటరు నిజంగానే పడింది. "మూడెకరాల వరి పొట్టకొచ్చింది సారూ. గిప్పుడు మా బాపు ఏం జెయ్యాలె?"

 "నా వల్లే పడింది" అన్నాడు పెద్దసారు. తర్వాత మంజులత వైపు తిరిగి, "ఇంకోసారి చేద్దామమ్మా" అన్నాడు. ఈసారి లేని మోటరు గట్టెక్కేదాకా ఆయన పెదవి విప్పలేదు.

వెళ్లే ముందు రిజిస్టరులో నాలుగు ముక్కలు రాసి, పిల్లలకు చదివి వినిపించమని ప్రిన్సిపాలు చేతికిచ్చాడు.

"ఈ క్లాసు తీసెయ్యకూడదు. ముందు నాలాంటి అధికారులకు పెట్టాలి" అని ప్రిన్సిపాలు గడగడా చదివాడు. తర్వాతి వాక్యం దగ్గర నీళ్లు నమిలాడు. పెద్దసారు అక్కడే నిలబడి చూస్తున్నాడు కాబట్టి చదవక తప్పలేదు. "యాకూబ్‌ను పర్మినెంటు చేయండి. నా తప్పు నాకు చెప్పిన పెద్దమనిషి ఈ కాలేజీలో ఆయనొక్కడే."