దూలం కింద సన్నటి సందు

కాలువ పనులు సాగుతున్న రోజులవి. తొలి పురిటికి నకరికల్లు దగ్గర మా పుట్టింటికి వెళ్లాను. ఇంట్లో అమ్మా, కాలువ ఆఫీసులో ఓవర్సీరుగా చేసే అన్నయ్యా ఉండేవాళ్లు. మట్టి మిద్దె నడిమి దూలం వంగిందని, దాని కింద కొత్తగా రాతి స్తంభం కట్టించారు. "ఇంక భయం లేదే, స్తంభం ఉందిగా" అంది అమ్మ. నమ్మాను. కాన్పయ్యాక బిడ్డను పక్కలో వేసుకుని సరిగ్గా ఆ దూలం కిందే పడుకున్నాను.

అన్నయ్య మాత్రం రోజూ పొద్దున్నే స్టూలెక్కి, స్తంభానికీ దూలానికీ మధ్య ఉన్న సన్నటి సందులో తాటాకు ముక్క దూర్చి లాగేవాడు. ఆకు సులువుగా వచ్చేసేది. మొహం వేలాడేసుకుని దిగి, లెక్కల కాగితాల ముందు కూర్చునేవాడు. ఏందని అడిగితే "తేళ్లున్నయ్యేమో చూస్తన్నా" అనేవాడు. తేళ్లకు అంత దిగులెందుకో నాకు అంతుపట్టలేదు.

బిడ్డను చూడటానికి మా అత్తగారు వస్తారనగా, చూపుకు బాగుండదని అమ్మ ఆ సందును మట్టితో పూడ్చి సున్నం కొట్టేసింది. అన్నయ్య ఇల్లెగిరిపోయేలా అరిచాడు. అప్పుడూ నాకు కారణం చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం పెద్ద వాన. మిద్దె మీది మట్టి నాని బరువెక్కింది. ఉన్నట్టుండి బిడ్డ బుగ్గ మీద సున్నం పెళ్ల రాలింది. తలెత్తితే అమ్మ పూడ్చిన మట్టి నలిగి రాలుతోంది. తడిసి ముద్దయి పరిగెత్తుకొచ్చిన అన్నయ్యను అమ్మ నిలదీసింది.

"స్తంభం ఆగుద్దా, ఆగదా? నీ లెక్కలో ఏముందిరా?"

"స్తంభం మోస్తే ఒక లెక్క, మోయకపోతే ఒక లెక్క. స్తంభం రాళ్ల మధ్య సున్నం గట్టిపడేదాకా బరువు పడగూడదని మేస్త్రీ సందు వదిలాడు. ఇన్నాళ్లూ అది మోసిందేం లేదని నీకూ తెలుసుగదమ్మా. నువ్వు సందు పూడ్చాక తాటాకు పెట్టి చూసే దారీ పోయింది. దూలం ఇప్పుడే దాని మీద కూర్చుంటంది. పచ్చి సున్నం ఏం చేస్తదో నాకు తెలవదు."

నా ఒళ్లు మండిపోయింది. బిడ్డను పమిటలో చుట్టుకుని వానలోకి నడిచాను. "బాలింతవే!" అని అమ్మ వెనక నుంచి కేకలేసింది. ఎదురింటి పిన్ని వసారాలో కూర్చుని వణికాను.

వాన వెలిశాక అన్నయ్య వచ్చాడు. "ఆగింది" అన్నాడు, కళ్లలో నీళ్లతో. బిడ్డ కోసం చేతులు చాచాడు. నేను ఇవ్వలేదు.

"స్తంభం కట్టామని చెప్పారు. అది మోయట్లేదని ఎందుకు చెప్పలా అన్నా?"

"బెంగతో పాలెండిపోతయ్యని అమ్మ చెప్పొద్దంది."

ఆ మిద్దె తర్వాత చాలా ఏళ్లు నిలిచింది. నా రెండో పురుడు మాత్రం వినుకొండలో అత్తగారింట్లోనే పోసుకున్నాను.