జింకలు తినని కాడ

చాలా ఏళ్ళుగా ఒక విషయం కడుపులో దాచుకున్నాను. మాటవరసకి అనడం లేదు. అది నిజంగానే కడుపులోకి వెళ్ళింది. మీరు నాకు ఏమీ కారు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అమెరికాలో, నేపర్‌విల్‌లో మా పక్కింటి ఆర్థర్ గారు ఇంగ్లండ్‌లో ఒక బొగ్గుగని ఊళ్ళో పుట్టారు. సాయంత్రాలు పెరట్లో నిలబడి ఆ ఊరి కబుర్లు చెప్పేవారు. గనివాళ్ళిచ్చే బొగ్గు ప్రతి గుమ్మం ముందూ గుట్టగా పోసి వెళ్తే, వీధంతా కలిసి ముందు ముసలివాళ్ళ బొగ్గు లోపలికి చేరవేసి, ఆ తర్వాతే ఎవరిది వాళ్ళు ఎత్తుకునేవారట. వాళ్ళ నాన్న పొయ్యి ముందు రేకుతొట్టిలో స్నానం చేసేవాడు, వీపు మాత్రం రుద్దనిచ్చేవాడు కాదు. రుద్దితే నడుం బలం పోతుందని నమ్మకం. పగలంతా భూమి కింద చీకట్లో గడిపిన ఆ మనిషి, వెలుగుండగానే తోటలోకి పోయి తన లీకుల్ని తడిమి చూసుకునేవాడట. లీకు మన ఉల్లికాడకి పెద్దన్న. ఎవరి లీకు లావైతే ఆ ఏడు ఊళ్ళో వాళ్ళదే పెద్దరికం. వింటూ నేను ఆఫీసు మీటింగులు ఎగ్గొట్టేవాణ్ణి.

ఒక వేసవిలో ఆయన కూతురింటికి వెళ్తూ, మొక్కలకి నీళ్ళు పెట్టమన్నారు. టమాటాల పక్కన ఒకే ఒక లీకు. దాని నడిమిలోంచి పొడుగ్గా కాడ, కొసన మొగ్గ. మన ఇళ్ళలో ఉల్లి మొగ్గేస్తే ఏం చేస్తాం? తుంచి వండుకుంటాం. నేనూ కోడిగుడ్డేసి వండాను. మొక్కకి మేలే చేశాననుకున్నాను.

తిరిగొచ్చాక ఆయన దాని ముందు చాలాసేపు వంగి ఉన్నారు.

"ఇది మా నాన్న పెంచిన రకం, అబ్బాయ్. పోయిన చలికాలం తట్టుకుని మిగిలింది ఇదొక్కటే. దీని గింజ కోసమే చూస్తున్నా. జింకలా?"

"అవునండీ. మొన్న రెండు వచ్చాయి."

"పోనీలే. వాటికి మాత్రం ఆకలుండదా."

రెండని ఎందుకన్నాను? ఒక్క జింక చాలదా? తెలియక కోశాను, సరే. తెలిశాక? లీకుని తిన్నాను కానీ విషయాన్ని లీకు కానివ్వలేదు, అంతే నా ఘనత. ఆయన క్షమించింది జింకల్ని, నన్ను కాదు.

ఆ వారమే ఆయన కంచె వేశారు. గుంజల్ని కదలకుండా పట్టుకున్నది నేనే. ఆ తర్వాత ఆయన లీకులు వేయలేదు.

ఇప్పుడాయన లేరు. ఆ ఇల్లు కొన్నది మనవాళ్ళే. మొన్న ఆ ఇంటావిడ అడిగింది.

"అన్నయ్యా, ఇంత హైట్ ఫెన్స్ ఎందుకు? డీర్ ప్రాబ్లమా?"

"కాదమ్మా. నా కోసం వేశారు."

జోకనుకుని నవ్వింది. జోకు కాదు. ఆ రోజు జింకలేవీ రాలేదు. నేనే వెళ్ళాను, కత్తెర పట్టుకుని.