కాలికి దారం

ఏళ్ల తరబడి వానకు తడిసి ఎండకు ఎండిన ఫ్లెక్సీకి ఒక వాసన ఉంటుంది, సగం కిరసనాయిలు, సగం పాత రబ్బరు చెప్పులు. మొన్న దసరాకు మా ఊరు తరిగొప్పుల పోయినప్పుడు, కట్టెల మీద కప్పిన ఫ్లెక్సీ లేపగానే ఆ వాసన ముక్కుకు తగిలింది. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

తెలంగాణ కోసం సమ్మె నడిచి బడులు, బస్సులు బందైన ఏడది. నాకు తొమ్మిదేళ్లు. ఊళ్లో ఉద్యమానికి ముందుండే మా బాపు ఊరేగింపులు తీయడానికని చిన్న డిజిటల్ కెమెరా కొన్నాడు గానీ, అందులో మనుషుల కంటే ఉడుతలే ఎక్కువుండేవి. పొద్దున్నే నన్ను బండి మీద ముందు కూర్చోబెట్టుకొని, మంచుకు తడిసిన తంగేడు, చెలక గట్ల మీద తెల్లగా పూసిన గునుగు, పత్తి చేలల్లో మిడతలు, మా బావి మీదికి వేలాడే గిజిగాడి గూళ్లు, అన్నీ తీస్తూ తిరిగేవాడు. ఇంటికొచ్చాక, గడ్డిలో మాగేసిన సీతాఫలాల వాసన ముక్కుపుటాలు అదరగొడుతున్నా, జామచెట్టు మీది తొండ తల తిప్పేదాకా ఇద్దరం కదలకుండా నిలబడేవాళ్లం, అన్నం చల్లారుతోందని అమ్మ ఇద్దరినీ కలిపి తిట్టేది. బాపుది ఒకటే నియమం. "బెదిరితె పోనియ్యి బిడ్డా. బెదిరిచ్చి తీస్తె గది ఫోటో గాదు." ఆ మాటను నేను ఊరంతా చాటేదాన్ని.

ఒక్క పాలపిట్టే దొరకలేదు. దసరా నాడు దాన్ని చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని మా దగ్గర అందరూ చేన్ల వెంబడి వెతుక్కుంటూ పోతారు. ఆసారి చౌరస్తాలో కట్టే జై తెలంగాణ ఫ్లెక్సీ మీద పాలపిట్ట ఉండాలని, పక్కన చేతులు జోడించి తానుండాలని బాపు పట్టుదల. అదేమో మేం బండి ఆపగానే కరెంటు తీగ మీది నుంచి నీలంగా మెరిసి మాయమయ్యేది. పండుగ ముంగిట్లోకి వచ్చాక బాపు ఒక్కడే పోయి, పొద్దుగూకే వేళకు దొరికిందంటూ వచ్చాడు. కెమెరా వెనక అగ్గిపెట్టెంత అద్దంలో, తుమ్మకొమ్మ మీద రెక్కలు బార్లా చాపిన పిట్ట. పొద్దంతా కదలకుండా కూర్చుంటే అదే వచ్చి వాలిందట. ఆ కథకు నేనింకో రెండు ముక్కలు అతికించి దోస్తులందరికీ చెప్పాను. బాపు జనగామ పోయి ఫ్లెక్సీ వేయించుకొచ్చాడు.

దసరా పొద్దున అది చౌరస్తాలో లేచింది. చేన్లదాకా నడవలేని మా బాపమ్మ, బాపు వాళ్లమ్మ, బొమ్మలోనైనా పాలపిట్టను చూస్తానని కొత్త చీర కట్టుకొని నా భుజం పట్టుకొని వచ్చింది. తలెత్తి దండం పెట్టింది. పెట్టిన చేతులు దించకుండానే అడిగింది.

"కొడుకా, దాని కాలుకు దారమెందుకున్నదిరా?"

అగ్గిపెట్టెంత అద్దంలో కంటికి ఆనని దారం అక్కడ పలుపుతాడంత లావుగా ఉంది, కాలి నుంచి కొమ్మకు. పండక్కి పాలపిట్టలను పట్టుకొచ్చి ఇంటింటా చూపించేవాళ్లు మా ఊరికీ వస్తారు. బాపు వాళ్ల దగ్గర ఒకదాన్ని తీసుకొని కట్టేశాడని ఎవరికీ వేరే చెప్పనక్కర్లేకపోయింది. అది రెక్కలు చాపింది తెంపుకొని పోవడానికి. ఒక్కరూ నవ్వలేదు. దోస్తులు ఫ్లెక్సీని వదిలేసి నన్ను చూశారు. భూమి నోరు తెరిచి మింగితే బాగుండనిపించింది. బాపు నిచ్చెన తెచ్చుకొని, తన చేతులతోనే తాళ్లు విప్పాడు. సాయంత్రం అందరూ ఎప్పటిలాగే బాపు చేతిలో జమ్మి ఆకు పెట్టి, గుండెలకు హత్తుకొని అలాయ్ బలాయ్ ఇచ్చారు. ఎవరన్నా ఓ మాట అంటే బాగుండు, అనలేదు.

రాష్ట్రం వచ్చింది, పాలపిట్ట రాష్ట్ర పక్షి అయ్యింది. గడ్డిమందుకు గట్ల మీద గునుగు పోయింది, బావి పూడింది, గిజిగాళ్లు ఎటు పోయాయో. కెమెరా ఆ దసరాకే అటకెక్కింది. ఫ్లెక్సీ మీద బాపు మొహం, పిట్ట నీలం అన్నీ వెలిసిపోయాయి, నల్ల దారం మాత్రం ఇంకా ఆనుతోంది.

దాన్ని మళ్లీ కట్టెల మీద కప్పుతుంటే, ఇంటి ముందు తీగ మీద ఒక పాలపిట్ట వాలింది. ఎన్నేళ్లకో. ఉరుకుతూ పోయి బాపును పిలిచాను. ఆయన గడప లోపలే ఆగిపోయాడు.

"నువ్వు సూడు బిడ్డా. నేను ఏం మొఖం పెట్టుకొని సూడాలె?"

అది ఎగిరిపోయిందని చెప్పాకే బాపు బయటికొచ్చాడు.